ఎడారిలో అమ్మ బండి వెనక

వేసవి మధ్యాహ్నాల్లో ఏర్పేడు మీదుగా వీచే గాలికి ఒక చెడ్డ అలవాటు ఉంది. మా హాస్టల్ మెస్సు కిటికీలన్నీ మూసి ఉన్నా ఏదో సందులోంచి దూరి, కంచాల మీద సన్నని ఇసుక చల్లిపోతుంది. మొన్న అన్నం ముద్ద నోట్లో పెట్టుకోగానే పళ్ళ మధ్య కరకరమంది. ఎదురుగా కూర్చున్న స్నేహితుడు మొహం చిట్లించి కంచం పక్కకు తోశాడు. నేను మాత్రం నిదానంగా నమిలి మింగాను. ఎడారిలో ఉన్న రోజుల్లో మా అమ్మ వండిన ప్రతి కూరలోనూ ఈ కరకర ఉండేది. "ఉప్పెక్కువైతే నన్ను తిట్టు. ఇసుకెక్కువైతే గాలిని తిట్టుకో," అనేది వడ్డిస్తూ.

మా ఇల్లు చిత్తూరు. అమ్మ కేంద్ర ప్రభుత్వ పాఠశాలలో చిన్న తరగతుల టీచరు. తిరుపతిలోని బడికి రోజూ బస్సులో పోయి వచ్చేది. నేను ఇంజనీరింగులో చేరిన ఏడాది ఆమెకు జైసల్మేరు దాటాక, సరిహద్దు వైపున్న ఒక చిన్న ఊరికి బదిలీ అయింది. కష్టమైన చోట రెండేళ్ళు పనిచెయ్యాలన్నారు. ఇంట్లో అందరం ఆమెను చూసి జాలిపడ్డాం. రైలెక్కేటప్పుడు ఆమె కూడా ఏడ్చింది. నాయనకు ఎరువుల అంగడి వదిలి కదలడానికి లేదు. అవ్వ, అంటే నాయన తల్లి, అంత దూరం ప్రయాణం చేసే వయసు దాటింది. సెలవులొస్తే నేనే పోయేవాణ్ణి. అందువల్ల ఎడారిలో ఉన్న అమ్మను మా ఇంట్లో చూసింది నేనొక్కణ్ణే. చిత్తూరులో మా అమ్మ బాగా తెలిసినవాళ్ళకు కూడా ఆ మనిషి తెలియదు.

మొదటిసారి డిసెంబరులో పోయాను. రైళ్ళు మారి మారి, వంట్లో ఎముకలన్నీ విడివిడిగా తెలుస్తుండగా దిగేసరికి, స్టేషను బయట అమ్మ ఒక పాత స్కూటరు మీద కూర్చుని ఉంది. చీర కొంగు నడుముకు దోపి, మెడకు మగవాళ్ళ మఫ్లరు చుట్టుకుని ఉంది. చిత్తూరులో అయితే నాయన బండి వెనక ఒకపక్కగా కూర్చుని, గుంతలొస్తే దేవుడి పేరు తలుచుకునే మనిషి.

"ఎప్పుడు నేర్చుకున్నావమ్మా?"

"పడి పడి నేర్చుకున్నా. ఇసుకలో పడితే దెబ్బ తగల్దురా, అదొక సుకం. ఎక్కు."

"నేను నడుపుతాలే."

"నీకీడ దోవ తెలుసా? ఎక్కు. నీ స్నేహితులెవురూ సూడరులే, సిగ్గుపడొద్దు."

సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని ఎక్కాను. ఆమె ఉండే క్వార్టర్స్ వెనక చెత్త పోసే చోటికి రాగానే అమ్మ బండి ఆపి, ఇంజను కట్టేసింది. సన్నని ఒళ్ళు, తలకు మించిన చెవులు ఉన్న ఒక నక్క, రొట్టె ముక్కను ముందుకాళ్ళ మధ్య పెట్టుకుని మమ్మల్నే చూస్తోంది.

"మా పక్కింటామె," అంది అమ్మ గొంతు తగ్గించి. "మొగుడు ఇంకా రాలేదు. వస్తాడు."

నిజంగానే కాసేపటికి ఇంకో నక్క వచ్చింది. నేను ఫోను తీసి పేరు వెతికాను. "ఎడారి నక్కమ్మా. తోక చివర తెల్లగా ఉంది చూడు, అదీ గుర్తు."

"దాని పేరు నువ్వు కనుక్కుంటివి, సరే. నీ పేరు దానికి యాడ తెలుసు పాపం," అంది. నక్కల వైపు తిరిగి, ఇంటికొచ్చిన చుట్టాలకు చెప్పినట్టు, "మావాడు. చిత్తూరునించి వచ్చినాడు," అని చెప్పింది.

నేను దేన్నైనా వరస పెట్టి రాసుకునే రకం. ఆమె వెనక కూర్చుని చూసినవన్నీ నా ఫోనులో ఇప్పటికీ ఉన్నాయి. పాలకు పోయినప్పుడు రోడ్డుకు అడ్డంగా నిలబడి, హారను కొట్టినా కదలని మనుబోతు, అదే నీల్‌గాయ్. తపాలా కార్యాలయం దోవలో బొరియ ముందు ఎండ కాచుకుంటున్న ముళ్ళతోక బల్లి. చచ్చిన ఒంటె చుట్టూ, పెద్దల సభలో లాగా వంగి కూర్చున్న రాబందులు. చలికాలం ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెరువు గట్టున దిగే బూడిదరంగు కొంగలు. కొంగల దగ్గరికి అమ్మ ఆదివారం పిల్లల నోటుపుస్తకాలు మోసుకుని పోయేది. రాయి మీద కూర్చుని ఎర్ర పెన్నుతో దిద్దుకుంటూ, అవి అన్నీ ఒక్కసారి అరిస్తే తలెత్తకుండానే, "ఇంటర్వెల్ గంట కొట్టినట్టుండారు," అనేది. ఈ వరసలో ప్రతి జంతువుకూ ఎదురుగా చోటు, వేళ రాసి పెట్టుకున్నాను. అమ్మ అన్న మాటలు మాత్రం రాసుకోలేదు. ఇప్పుడు గుర్తున్నవి ఇవే.

మా వైపు ఆడవాళ్ళు బయటికి పోతే చేతిలో ఒక సంచి ఉండాలి. సంచి ఉంటే కూరగాయలకో రేషనుకో పోతోందని చూసినవాళ్ళు అనుకుంటారు. సంచి లేకుండా పోతే ఊరికే తిరిగే మనిషి అని పేరు పడుతుంది. మొదటి సెలవుల్లో, నక్కలను చూడడానికి పోయినా సరే, అమ్మ హ్యాండిలుకు ఒక ఖాళీ గుడ్డసంచి తగిలించుకునేది.

"ఈ ఇసుకలో నిన్నెవరు అడుగుతారమ్మా?" అన్నాను.

"ఎవురూ అడగరు. నాకే ఎట్లో ఉంటాది."

వేసవిలో మళ్ళీ పోయినప్పుడు సంచి లేదు. చూశాను కానీ ఏమీ అనలేదు. అంటే మళ్ళీ తగిలించుకుంటుందేమోనని భయం.

నా వరసలో ఒకే ఒక ఖాళీ ఉండేది. బట్టమేక పిట్ట. మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు, తెల్లని పొడుగాటి మెడ, నెత్తిన నల్లటోపీ. ఒకప్పుడు మన కర్నూలు వైపు గడ్డిబీళ్ళలో కూడా తిరిగేదట. ఇప్పుడు కళ్ళారా చూడాలంటే ఈ ఎడారికే రావాలి. ఒకరోజు తెల్లవారుతుండగా బయలుదేరి, గడ్డి ఉన్న మైదానం పక్కన బండి పెట్టి, ఇద్దరం ఒక పొద చాటున కూర్చున్నాం. చాలాసేపటికి దూరంగా తెల్లగా, నిటారుగా ఒకటి కనిపించింది. అటూ ఇటూ కొంచెం కొంచెంగా ఊగుతోంది.

"అదేనా?" అంది అమ్మ ఊపిరి బిగబట్టి.

"అదే. మెడ చూడు. కదలొద్దు."

కదల్లేదు. కాళ్ళు తిమ్మిరెక్కినా అట్లాగే కూర్చున్నాం. పొద్దెక్కింది, గాలి లేచింది. పిట్ట ఒక్కసారిగా ఉబ్బి, పొద మీంచి ఊడి, దొర్లుకుంటూ మా వైపే వచ్చింది. ఖాళీ యూరియా గోతం.

అమ్మ దాన్ని పట్టుకుని విప్పి చూసి, "మీ నాయన ఈడిదాకా వచ్చినాడ్రా మన వెనకాలే!" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ఇసుకలో కూలబడింది. చిత్తూరులో నవ్వు వస్తే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఇక్కడ కొంగు నడుముకు దోపి ఉంది.

రెండో ఏడాది చలికాలం, ఒక సాయంత్రం పశువులు నీళ్ళు తాగే తొట్టి దగ్గరికి పోయాం. పశువులు పోయాక చింకారా జింకలు వస్తాయని అమ్మకు తెలుసు. బండికి ఆనుకుని నిలబడి ఎదురుచూస్తుంటే మామూలుగా చెప్పినట్టు చెప్పింది.

"అడిగితే ఇంకో రెండేళ్ళు ఈడ్నే ఉండనిస్తారంట."

"నీకుందా, ఉండాలని?"

జింకలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. తలలు వంచి తాగడం మొదలుపెట్టాయి.

"ఉండాలనే ఉండాది రా."

తనకు ఇది కావాలని అమ్మ నోటితో అనగా నేను విన్నది అదొక్కసారే. చీర కొనుక్కునేటప్పుడు కూడా 'నీకేది బాగుంటే అది' అనే మనిషి.

"అయితే నేను ఇంట్లో అడుగుతా," అన్నాను.

"అడగొద్దు. అడిగితే వద్దనలేక సరే అంటారు. ఊరికే వాళ్ళ మనసులో ఏముండాదో సూసి నాకు చెప్పు."

ఆ పని మీద ఇంటికొచ్చాను. వచ్చిన వారానికే అవ్వ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి మంచం మీద పడుకోబెట్టారు. చూసుకోవడానికి నాయన ఒక పనిమనిషిని పెట్టాడు. నేను ప్రయోగశాలలో రీడింగులు తీసుకున్నంత శ్రద్ధగా అందరినీ గమనించాను. అవ్వ రోజూ, ముఖ్యంగా భోజనం వేళ, "కోడలుంటే..." అని నిట్టూర్చేది. ఆ మాట వినగానే నాయన తినేది ఆపి కంచంలో వేళ్ళతో గీతలు గీసేవాడు. ఫోనులో అమ్మతో మాత్రం, "నీ ఇష్టం, నువ్వెట్లంటే అట్ల," అనేవాడు. ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒకే జవాబు వచ్చింది. అమ్మకు ఫోను చేసి, అవ్వ నిన్నే తలుచుకుంటోందని చెప్పాను. అవతల గాలి చప్పుడు వినిపిస్తోంది.

"సరేలే. వచ్చేస్తా," అంది.

వేసవికి ముందే తిరిగి తిరుపతి బడికి వచ్చింది. స్కూటరును తన చోటుకు వచ్చిన కొత్త టీచరుకు ఇచ్చేసింది. ఆ చివరి రోజుల్లో ఎక్కడెక్కడికి పోయిందో, నక్కలకు ఏం చెప్పిందో నాకు తెలియదు.

ఆ ఏడాది గడిచి మళ్ళీ చలికాలం వచ్చింది. అవ్వ కర్ర పట్టుకుని నడుస్తోంది. ఒక ఆదివారం నలుగురం వసారాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాం. నాయన ఏదో మాట మీద, "పాపం, నీకోసమే గదమ్మా ఈమె ఆ ఊరు ఇడిసిపెట్టి వచ్చింది," అన్నాడు.

అవ్వ చేతిలో కాయ అట్లాగే ఆగిపోయింది. "నాకోసమా? నేను రమ్మంటినా?"

"రోజూ 'కోడలుంటే, కోడలుంటే' అంటావుంటివి కదా."

"అంటి. కోడలుంటే మజ్జిగ పల్చగా చేసి కరేపాకు నలిపేస్తాదని అంటి. నువ్వు పెట్టిన మహాతల్లి గడ్డపెరుగు తెచ్చి నెత్తిన పోసినట్టు పోసేది. ఆ మాత్రానికి దేశం ఆ కొసనించి మనిషిని రప్పిస్తారంట్రా ఎవురైనా? అది ఆడ బండి తోల్తాందని ఈడు చెప్తే నాకెంత సంతోషమాయనో! ఉండనీలే, మనమెవురమూ సూడని ఊర్లు సూస్తాంది అనుకుంటి."

"నేనూ ఉండనీలేనే అనుకుంటి," అన్నాడు నాయన మెల్లగా. "నువ్వు బాదపడతావని నోరు మూసుకుంటి."

అందరం అమ్మ వైపు చూశాం. ఆమె ఒలవడం ఆపలేదు. గింజలు గిన్నెలో పడే చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"మజ్జిగదేముండాది అత్తా," అంది. "ఆ పిల్లకి ఫోన్లో చెప్పుంటే పోయుండె."

నవ్వింది కూడా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. మాలో ఎవరికీ నవ్వడం చేతకాలేదు.

నేను తీసుకున్న రీడింగుల్లో ఒక్కటీ తప్పు కాదు. అవ్వ ఆ మాట అన్నది నిజం, నాయన తినడం ఆపింది నిజం. మా ఇంట్లో ఒక మనిషిని సూటిగా అడగడమంటే ఇరకాటంలో పెట్టడం కింద లెక్క. ఎవరినీ బాధపెట్టకూడదని అందరం ఒకరి మొహం ఒకరం చదువుకున్నాం. అందరం తప్పు చదివాం. ఆ తప్పుకు చెల్లించుకున్నది మాత్రం ఒక్క మనిషి.

ఆ రాత్రి నేను అమ్మతో, "సెలవుల్లో ఒకసారి పోయొద్దామా? టికెట్లు నేను చేయిస్తా," అన్నాను.

"పోయి యాడ దిగేది?"

"ఏదో ఒక హోటల్లో."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు. చిన్న తరగతి పిల్లవాడు లెక్క తప్పు చేస్తే చూసినట్టు చూసింది. "ఆడ నాకు ఇల్లుండె రా. నా ఇంటి ముందర నేను హోటల్లో దిగాల్నా?"

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు నేను ఏర్పేడులో పరిశోధన చేస్తున్నాను. ఆదివారం ఫోను చేస్తే తిన్నావా అని అడగను. "ఈ వారం యాడికి పోయినావమ్మా?" అంటాను. ఎప్పుడూ ఒకటే జవాబు. "యాడికి పోతాను? బడికి, అంగడికి." అయినా అడుగుతూనే ఉన్నాను. పోయిన ఆదివారం మాత్రం జవాబు మారింది. పక్కగదిలో ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి చెప్పింది.

"ఊరి బయట కొండ కిందికి పోయొచ్చినా."

'ఏం పనికి?' అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అది మా ఇంటి ప్రశ్న. మా తాతల కాలం నుంచి మా ఇంట్లో ఆడవాళ్ళు గడప దాటినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతూ వచ్చిందే. అమ్మ వెనక కూర్చుని ఎడారంతా తిరిగి వచ్చినా అది నాలోంచి పోలేదు. పోతుందన్న నమ్మకం కూడా లేదు. దాన్ని నోట్లోనే ఆపుకుని, ఆమె ఇంకేమైనా చెబుతుందేమోనని ఫోను చెవికి ఆనించుకుని ఉండిపోయాను.