మార్చి దాకా పాత సంవత్సరమే

రామచంద్రరావు సారుకు సంవత్సరం ఏప్రిల్ ఒకటిన పుట్టి మార్చి ముప్పై ఒకటిన పోయేది. మిగతా లోకానికి జనవరి వచ్చినా ఆయనకు అది పాత సంవత్సరమే.

నారాయణగూడలో ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు రాసి రిటైరయ్యారు. ఏడాదిలో వచ్చిందీ పోయిందీ ఆ పన్నెండు నెలల్లోనే తేల్చాలని, ఆర్థిక సంవత్సరమంటే అదేనని, అశోక్‌నగర్‌లోని నా స్కూటర్ల షెడ్డులో కూర్చుని అందరికీ చెప్పేవారు. ఏప్రిల్ ఒకటిన హ్యాపీ న్యూ ఇయర్ అంటూ లడ్డూలు పంచితే, లోపల మిరపకాయ ఉందేమోనని జనం విరిచి చూసేవారు.

"మా పెండ్లి మార్చి ఆఖర్ల అయింది. వారం తిరగకముందే, పోయిన సంవత్సరం పెండ్లి చేసుకున్ననని దోస్తులకు చెప్పిండు," అనేది ఆయన భార్య యశోదమ్మ.

నేను నవ్వేవాణ్ని కాదు. బండి విప్పి బిగించాక నట్టు మిగలకూడదని నాకెంత పట్టుదలో, మార్చి దాటాక లెక్క మిగలకూడదని ఆయనకంత.

2012 డిసెంబర్ ఆఖరి రోజు. పక్క హాస్టల్లో ఉండి సర్కారు కొలువుకు చదువుతున్న స్నేహలత ట్రంకుపెట్టెతో షెడ్డు ముందు నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఈ ఒక్క యేడే చదువుకొమ్మన్న తండ్రి ముత్యాలు, గడువు అయిపోయిందని ఊరికి తీసుకుపోవడానికి వచ్చాడు.

సారు స్టూలు మీంచి లేచారు. "ఏ యేడు ఒడిసిందన్నా?"

"గీ యేడే సారూ. రేపు జనవరి గదా."

"బిడ్డ సదివేది సర్కారు కొలువుకు. సర్కారు యేడు మార్చి ఆఖరుకు గాని ఒడవది. మాటిచ్చి నడుమల తీస్కపోతవా?"

ముత్యాలు ఆలోచనలో పడ్డాడు. పరీక్ష ఎప్పుడని కూతురినడిగాడు.

"మే నెలల, బాపూ."

నేను పానా కింద పెట్టాను. మార్చి తర్వాత ఒక్క రోజు కూడా ఒప్పుకోని మనిషి ఇప్పుడేమంటారు? సారు కళ్లజోడు తీసి తుడుచుకుని, నేల చూపులు చూస్తూ, "మార్చి అయినంక గూడ లెక్కలు సరిచూసుకోనీకి జర టైమిస్తరు," అన్నారు.

ముత్యాలు నవ్వాడు. "ఎందుకు సారూ పరేషాన్? మా యేడు జూన్ల మిరుగం కార్తెకు షురూ అయితది. వానలు పడేదాక పాత యేడే. గప్పటిదాక సదువుకోనీ."

తనే ట్రంకుపెట్టె ఎత్తాడు. రెండో పక్క సారు పట్టుకున్నారు. హాస్టల్ మెట్ల మీద ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది.

"మరి ఎండకాలం దుక్కి దున్నిన ఖర్చు ఏ యేట్ల రాస్తవన్నా?"