గెలుపు వాయిదా వేసిన ప్రోగ్రాం

రిటైర్మెంటుకి నాలుగేళ్ల ముందు, జూన్ నెలలో, చిలకలూరిపేట దగ్గర ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ విభాగానికి హెడ్‌గా చేరాను. హెడ్ అంటే పెద్ద హోదా అనుకునేరు! టైంటేబుల్ వేయడం, ల్యాబ్‌లో ఏసీ పనిచేయడం లేదని ఉత్తరాలు రాయడం, లెక్చరర్లు రాసిన ప్రోగ్రాములు చూసి సరేననడం. ఆ మూడో పనిలోనే నా పరువు పోయింది.

మా విభాగంలో సువార్త అని కాంట్రాక్టు లెక్చరర్ ఉండేది. కాంట్రాక్టు వాళ్లకి ఏటా ప్రిన్సిపాల్ గారు జాబితా వేస్తారు. అందులో పేరుంటే ఉద్యోగం, లేకపోతే లేదు. ఆ ఏడు ఆమె చెస్ ఆడే ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాసింది. వార్షికోత్సవంలో అందరి ముందూ ఆడిద్దాం, బాగా ఆడితే ఆమెను కొనసాగిద్దాం అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఇలాంటి ప్రోగ్రాం వేయబోయే ప్రతి ఎత్తుకీ మార్కులు వేసుకుని, ఎక్కువ వచ్చింది ఎంచుకుంటుంది. చెక్‌మేట్‌కి దారితీసే ఎత్తుకి పదివేలు. దానికి సువార్త ఒక లైను జోడించింది: చెక్‌మేట్ ఎన్ని ఎత్తుల దూరంలో ఉంటే అన్ని మార్కులు కోత. నాకది అనవసరమనిపించింది. "గెలుపు గెలుపేగదమ్మా! మూడెత్తుల్లో అయితే ఏంటి, ఆరెత్తుల్లో అయితే ఏంటి? ఆ లైను తీసెయ్" అన్నాను. ఆమె ఏదో చెప్పబోయింది. నేను వినిపించుకోలేదు. హెడ్‌ని కదా!

ప్రత్యర్థిగా మస్తాన్‌వలి గారు వచ్చారు. మిర్చి వ్యాపారి, ఊళ్లో పేరున్న ఆటగాడు. గంట తిరిగేసరికి ఆయనకి ఒంటరి రాజు మిగిలాడు. మా ప్రోగ్రాంకి మంత్రి, ఏనుగు, రాజు. హాలంతా చప్పట్లు. నేను మీసం దువ్వుకున్నాను.

అక్కడ మొదలైంది తమాషా. ఆ లైను తీసేశాం కదా, ఇప్పుడే చెక్‌మేట్ చేసినా పదివేలే, మూడెత్తుల తర్వాత చేసినా పదివేలే. అందుకని ప్రోగ్రాం ముందు కనబడ్డ ఎత్తు ఏదో వేసేది. మళ్లీ చూసుకునేది, పదివేలు చేతిలోనే ఉన్నాయి. ఇంకో ఎత్తు వేసేది. చంపదు, వదలదు.

"ఏంటండీ ఇది! నా రాజుని కల్లంలో మిరపకాయల్లా అటోసారి ఇటోసారి తిరగేస్తోంది? చంపేదుంటే చంపమనండీ!" అన్నారు మస్తాన్‌వలి గారు. జనం పడీ పడీ నవ్వారు. బల్ల మీద ఒకే అమరిక మూడోసారి వస్తే డ్రా అడగవచ్చు. ఆయన అడిగారు, ఇచ్చేశాం.

"చేతికొచ్చిన ఆట గెలవలేని ప్రోగ్రాం రాసినావిడ పిల్లలకేం చెబుతుంది?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. సువార్త నావైపు చూసింది. లైను తీయించింది నేనేనని అప్పుడే చెప్పాల్సింది. జనంలో ఎందుకులే, రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు ఆయన చిరాగ్గా ఉన్నారు. ఆ పైరోజు తనిఖీ వాళ్లొచ్చారు. తర్వాత ఆదివారం. సోమవారం పొద్దున జాబితా గోడకెక్కింది, సువార్త పేరు లేదు.

అప్పుడు ప్రిన్సిపాల్ గారి దగ్గరికి పరిగెత్తాను. "ఇప్పుడా చెప్పేది మాస్టారూ? వేరే ఆవిడకి ఆర్డరు కూడా ఇచ్చేశాం" అన్నారాయన.

ల్యాబ్‌కి వెళ్తే సువార్త తన ప్రోగ్రాం సరిచేసుకుంటోంది. ఆ లైను మళ్లీ పెట్టి, ఆ రోజు ఆట ఆగిన చోటు నుంచి నడిపితే రెండెత్తుల్లో చెక్‌మేట్! చిన్న దారే గొప్పదా అని అడిగాను, ఏం మాట్లాడాలో తోచక. "అలా ఏం కాదు సార్. ఆరెత్తుల దారైనా పర్లేదు, తర్వాత ఐదవ్వాలి, ఆ తర్వాత నాలుగవ్వాలి. దగ్గరవుతున్నామో లేదో దానికి తెలియాలి, అంతే" అంది.

తప్పు నాదేనని ప్రిన్సిపాల్ గారికి చెప్పానన్నాను. ఆమె కంప్యూటర్ ఆపేసి సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఆ రోజు హాల్లోనే నేను చెప్పగలిగేదాన్ని సార్. మీరే చెబుతారని ఊరుకున్నా."

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్న మూడేళ్లూ, ఎవరి ప్రోగ్రాంలో ఏ మార్పు చెప్పినా కాగితం మీద రాసి, కింద నా సంతకం పెట్టి, ఆ రోజే ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఉంచాను.