ఛఠ్ పండక్కి పిన్ని చేసిన డ్యూటీలు

పోయిన నెల మా పిన్ని పోయింది. సిద్ధగోరాలో తను నర్సుగా పనిచేసే నర్సింగ్ హోమ్‌లోనే, పేషెంటుకి సెలైన్ మారుస్తూ పడిపోయింది. గుండెపోటన్నారు. ఫోన్ చేసింది తోటి నర్సు. "దీదీ నహీ రహీ", అక్క ఇక లేదని ఏడుస్తూనే ఇంకో మాట కూడా అంది. ఆవేళ డ్యూటీ నిజానికి తనదట, పిన్ని తన బదులు వచ్చిందట. అది విని నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

ఉక్కు కార్ఖానా పక్కన బర్మామైన్స్ పేటలో మా ఇంటి వెనక ఇల్లే పిన్నిది. నర్సింగ్ డిప్లొమాతో చిన్నప్పుడే ఉద్యోగంలో చేరింది. తన దగ్గర సూది వేయడం నేర్చుకున్న పిల్లలు బి.ఎస్సీ. ఉందని ఇన్‌ఛార్జులై తనకే డ్యూటీలు వేస్తుంటే చూసి చూసి, నలభై దాటాక దూరవిద్యలో నర్సింగ్ డిగ్రీకి కట్టింది. "పేషెంటు బెల్లు కొట్టినప్పుడు నాకు ఏ డిగ్రీ ఉందో అడగడే. మేట్రనమ్మే అడుగుద్ది" అనేది.

పుస్తకాలన్నీ ఇంగ్లీషు. ముందు హిందీలోకి, అక్కణ్ణించి మన మాటలోకి తెచ్చుకునేది. వంకాయలు తరుగుతూ "కిడ్నీ ఏటి సేత్తాదంటే..." అని గోడకి పాఠం చెప్పేది. నేను వెళ్తే గోడకి సెలవు. నా చెయ్యి లాగి బీపీ పట్టీ చుట్టి, "కదలకే! పేషెంటువా, కోతివా?" అని కసిరేది. మా అమ్మ మంచాన పడ్డ రోజుల్లో డ్యూటీ దిగి తన ఇంటికి వెళ్లకుండా ముందు మా గుమ్మమే ఎక్కేది. అమ్మకి ఒళ్లు తుడిచి, పక్క మార్చి, అప్పుడు టీ అడిగేది. అది నేను మర్చిపోయేది కాదు.

ఒకసారి పెళ్లిలో చుట్టాలెవరో "మా బి.ఎస్సీ. నర్సమ్మ" అని పరిచయం చేశారు. పిన్ని అంతమందిలోనూ "ఇంకా అవనేదండీ, అయ్యాక సెప్పండి" అని దిద్దింది. ఆ విషయంలో మహా ఖచ్చితం.

థియరీ పరీక్షలన్నీ గట్టెక్కింది. రాంచీలో చెయ్యాల్సిన ఆఖరి ప్రాక్టికల్స్ మిగిలాయి. నర్సింగ్ హోమ్ సెలవివ్వదు. నీ బదులు ఇంకొకర్ని నిలబెట్టి వెళ్లమంటుంది. అందుకే పిన్ని ఏటేటా ఛఠ్ పండక్కి బీహారీ నర్సుల డ్యూటీలు తన మీద వేసుకునేది. వాళ్లు ఉపవాసముండి నదిలో నిలబడి పొద్దు గుంకేటప్పుడొకసారి, పొడిచేటప్పుడొకసారి సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చుకోవాలి. మనకా పండగ లేదు. వాళ్లకి పండగ, తనకి రాంచీ. అదీ ఒప్పందం. "దీదీ, ఆప్ కే ప్రాక్టికల్ మే హమ్ ఖడే రహేంగే", మీ ప్రాక్టికల్స్‌కి మీ బదులు మేం నిలబడతాం అని మాటిచ్చేవారు. పండగయ్యాక ఠేకువాలు, అంటే బెల్లం కలిపి వేయించిన గోధుమ బిళ్లలు, డబ్బాడు తెచ్చిచ్చేవారు. పిన్ని వాటిని టీలో ముంచుకు తింటూ చదువుకునేది.

తీరా ప్రాక్టికల్స్ వచ్చేసరికి ఒకరింటికి అత్తగారొచ్చింది, ఇంకొకరి పిల్లలకి పరీక్షలు, మరొకరు ఫోనే ఎత్తలేదు. డిగ్రీ గడువులో అదే చివరి అవకాశం. ఇస్త్రీ చేసిన యూనిఫాం సంచిలో సర్దుకున్న మనిషి, రాంచీ బస్సెక్కాల్సిన పొద్దున సిద్ధగోరా ఆటో ఎక్కింది.

"ఎల్లిపో పిన్నీ, ఆళ్ల వార్డు ఆళ్లే సూసుకుంటారు" అని అరిచాను.

"ఆళ్లు సూసుకోరే. నిన్న ఆపరేషనైనోళ్లున్నారు. నానెల్లిపోతే ఆళ్లనెవులు సూత్తారు?" అంది.

గడువు దాటిపోయింది. మళ్లీ మొదటినుంచీ చదవాలన్నారు. పుస్తకాలు అటకెక్కాయి.

ఆ ఏడు ఛఠ్‌కి కూడా పిన్నే డ్యూటీకి వెళ్లింది. సిగ్గు లేదా అని అడిగినంత పని చేశాను. "ఆళ్లకీ సూర్యుడికీ మద్దిన నానెందుకే అడ్డం?" అంది. ఎంత మంచిదో అని ఇప్పుడు అందరూ అంటున్నారు. అందరికన్నా గట్టిగా అంటున్నది ఆ నర్సులే. ఆ మాట వింటే నాకు లోపలినుంచి కోపం తన్నుకొస్తుంది.

నర్సింగ్ హోమ్ గేటుకి సంతాపం ఫ్లెక్సీ కట్టారు. పిన్ని ఫొటో, కింద హిందీలో పేరు, పేరు పక్కన బి.ఎస్సీ. నర్సింగ్. గౌరవంగా ఉంటుందని రాయించారట.

"ఉండనీయే. సచ్చాకైనా ఇచ్చినారు" అన్నాడు బాబాయి, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుంటూ.

నాకు మాత్రం పెళ్లిలో ఆవిడ దిద్దిన మాటే చెవిలో పడింది. లోపలికి వెళ్లి, గాయాలకి వేసే తెల్ల ప్లాస్టర్ అడిగి తెచ్చి, ఆ రెండు మాటల మీదా అంటించి వచ్చాను.

మర్నాటికి ప్లాస్టర్ లేదు. ఎవరు పీకారో నేనడగలేదు, బాబాయి చెప్పలేదు. ఫ్లెక్సీ ఇంకా అక్కడే వేలాడుతోంది. మిగిలిపోయిన జిగురుకి ఈ ఊరి ఇనప దుమ్మంతా పట్టి, ప్లాస్టర్ వేసినంత మేరా నల్లటి పట్టీ తేలింది. దాని వెనక అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి. ఆటోలోంచి చూస్తే పిన్ని ముఖం కన్నా ముందు అదే కనిపిస్తుంది.