తెల్ల చుక్కలు ఏ పొరలో

మొదట తీసిన మామోగ్రామ్‌లో వదినకు ఎడమ రొమ్ములో తెల్ల చుక్కలు కనిపించాయి. సన్న ఇసుక చల్లినట్టున్నాయి. చాలామందిలో అవి ఏమీ కావని, కొందరిలో మాత్రం క్యాన్సర్‌కు తొలి గుర్తు అవుతాయని డాక్టరమ్మ చెప్పింది. పొరలు పొరలుగా చూపించే ఇంకో పరీక్షకు రమ్మంది. యంత్రం చెయ్యి విల్లులా తిరుగుతూ తక్కువ మోతాదు ఎక్స్‌రేలతో ఫొటోలు తీస్తుందట. కంప్యూటరు వాటిని పలచటి పొరలుగా విడదీస్తే ఏ చుక్క ఎంత లోతున ఉందో తెలుస్తుందట.

పత్రికలో చాలాకాలం ఆరోగ్యం పేజీ దిద్దాను. "నిర్ధారణ కావలసి ఉంది" అనే ముక్కను ఆలోచించకుండా అచ్చుకు పంపేదాన్ని. ఆ వారమంతా అది మైలాపూరులో మా ఇంట్లోనే తిష్ట వేసింది. అన్నయ్యకు వదిన "ఊరికే చెకప్" అని చెప్పింది.

ఒంటికి పౌడరు, సెంటు రాసుకోవద్దని స్కాన్ సెంటరు వాళ్లు ముందురోజే ఫోన్లో చెప్పారు. ఆటో దిగేసరికి ఎండకు ఇద్దరి జాకెట్లూ తడిసి ఒంటికి అంటుకున్నాయి. లోపల ఏసీ ఉంది, కుర్చీలున్నాయి. నేను మాత్రం కూర్చోలేక నీళ్ల క్యాను దగ్గరికి, తలుపు దగ్గరికి తిరుగుతున్నాను.

"ఎందుకే అట్ట తిరగతా ఉండావు? పరీక్ష నీకా, నాకా?" అంది వదిన.

"నీకే వదినా."

"అయితే ఈడ కూర్చో. నిన్ను చూస్తే నాకు బీపీ వస్తాది."

నన్ను కూర్చోబెట్టి తను బాత్రూముకు వెళ్లొచ్చింది. వెంటనే లోపలికి పిలిచారు.

పరీక్షయ్యాక డాక్టరమ్మ మా ఇద్దరినీ పిలిచింది. తెర మీద పొరలు ఒకదాని వెనక ఒకటి జరుగుతున్నాయి. మొదటి పొరలో చుక్కలు నిండుగా ఉన్నాయి. లోపలికి వెళ్లేకొద్దీ తగ్గాయి.

"ఇవి చర్మం మీదివమ్మా. పౌడరు వేసుకున్నారా?" అని తమిళంలో అడిగింది.

వదిన హ్యాండ్‌బ్యాగులోంచి రుమాలు తీసి బల్ల మీద పెట్టింది. మడతలో తెల్లటి పౌడరు. మా ఇళ్లల్లో ఆడవాళ్లు ఎండలో బయలుదేరితే రుమాల్లో అది ఉండాల్సిందే.

"ఆ ఫొటోలు తీసే బిడ్డ అంత దగ్గిరికొచ్చి పట్టుకుంటాదే. చెమట కంపుతో ఎట్ట నిలబడేది? పావం గదా!"

"పోయినసారి కూడానా?" అన్నాను.

"అప్పుడు ఇంటికాడే వేసుకున్నా. వద్దని ఎవురు చెప్పినారు?"

డాక్టరమ్మ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ, "కడుక్కుని రండి, మళ్లీ తీయాలి," అనగానే ఆగిపోయింది. చుక్కలన్నీ పౌడరువేనని ఆమె అనలేదు.

రెండోసారి వేచి ఉండటం మరీ కష్టమైంది. గోడ మీది బోర్డును మూడు భాషల్లోనూ చదివాను. ఒక్క ముక్కా తలకెక్కలేదు. లోపల యంత్రం చప్పుడు ఆగితే ఎందుకాగిందనీ, మొదలైతే ఇంకా ఎంతసేపనీ అనిపించేది.

ఈసారి మొదటి పొర శుభ్రంగా ఉంది. మధ్య పొరల్లో మాత్రం కొన్ని మిగిలాయి. గుండ్రంగా, విడివిడిగా ఉన్నాయి. "భయపడే ఆకారం కాదు. అయినా ఆరు నెలలకు మళ్లీ చూద్దాం," అంది డాక్టరమ్మ.

మెట్లు దిగుతూ వదిన అంది: "మీ అన్నకు పౌడరు సంగతి చెప్పు. బాగా నవ్వతాడు."

"మిగతాది?"

"అది మన ఇద్దరి కాడే ఉండనీ. ఆరు నెలలు ఆయన నా మొగమే చూస్తా కూర్చుంటే నేను తట్టుకోలేనమ్మా."

ఇంతలో అన్నయ్య ఫోను. వదిన దాన్ని నా చేతిలో పెట్టింది.

"ఏమన్నారు?" అన్నాడు అన్నయ్య.

"ఇప్పటికి భయం లేదన్నారు. ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు."

వదిన నా మోచేయి గట్టిగా గిల్లింది. "ఫోను దానికియ్యి," అన్నాడు అన్నయ్య.