నేలమాళిగలో పసుపు రేకులు

ఇటలీలో మోంతెరావో అనే కొండ ఊళ్ళో క్వింతీలియాను ఎరగనివాళ్ళు లేరు. మంచికి కాదులెండి, అనుమానానికి. రొట్టెల కొట్టువాడు తూచి ఇచ్చిన రొట్టెను ఇంటికెళ్ళి మళ్ళీ తూచేది. పాపాలు చెప్పుకుంటుంటే ఫాదర్ ఒకసారి దగ్గాడని, నవ్వు దాచుకుంటున్నాడని బిషప్పు దాకా వెళ్ళబోయింది. "నా పెళ్ళాం నా నీడను కూడా సోదా చేసి గాని ఇంట్లోకి రానివ్వదు" అనేవాడు మొగుడు, ఉన్నన్నాళ్ళూ. పాపం, నవ్వుతూనే అనేవాడు.

అలాంటి మనిషికి పై వీధివాళ్ళు పూల కాపలా అప్పగించారంటే వింతేముంది? జూన్‌లో దివ్యసత్ప్రసాద పండగనాడు ఊరేగింపు నడిచే దారంతా పూలరేకులతో బొమ్మలు పరుస్తారు. పై వీధిది ఒక బొమ్మ, కింది వీధిది ఒక బొమ్మ. పండగ తెల్లవారేదాకా ఎవరి బొమ్మ ఏమిటో అవతలివాళ్ళకు పొక్కకూడదు. ఒక ఏడాది రెండు వీధుల్లోనూ ఒకే పావురం బొమ్మ తేలింది. కింది వీధి డోమితిల్లాయే దొంగచాటుగా చూసి పోయిందని క్వింతీలియా ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. పావురం ఎవరి అబ్బసొత్తూ కాదు కదా అన్నవాళ్ళ మీద కూడా అనుమానమే.

ఈసారి పై వీధి బొమ్మలో పెద్ద సూర్యుడు. దానికి కావలసిన పసుపు పూలు పిల్లాజెల్లా కలిసి కొండవాలు పొదల్లో కోసుకొచ్చారు. రేకులు దూసి, క్వింతీలియా ఇంటికింది రాతి నేలమాళిగలో దుప్పట్ల మీద పరిచారు.

"అత్తా, గాలి ఆడనివ్వు. నీ పని అదొక్కటే" అన్నాడు ఆవిడ మేనల్లుడు ఆల్వీరో. పై వీధి బొమ్మకు పెద్ద అతనే. "ఇవి పోతే మళ్ళీ కోద్దామన్నా పొదల్లో పువ్వు మిగల్లేదు."

"నాకు చెబుతున్నావురా? నీ ముక్కు తుడిచింది నేను!"

పండగ రేపనగా, శనివారం పొద్దున బస్సులోంచి కాలేజీ పిల్లల గుంపు దిగింది. బొలోన్యా నుంచి వచ్చారు, ఒక్కరోజు ఊరు చూసిపోదామని. వచ్చినవాళ్ళు గుడో గోడలో చూసుకోక, ఇలారియా అనే పిల్ల సరిగ్గా క్వింతీలియా ఇంటి ఎదుటి మెట్టు మీద చతికిలబడి జున్ను రొట్టె తింటోంది.

"ఏం చూస్తున్నావమ్మాయ్?"

"ఏం లేదు బామ్మగారూ, నీడగా ఉందని. అబ్బ, ఏం వాసన! లోపల పూలున్నాయా?"

క్వింతీలియా గుమ్మానికి అడ్డంగా జరిగింది. పూలని దీనికెవరు చెప్పారు? "ఉల్లిపాయలు" అంది.

"ఇంత తియ్యటి ఉల్లిపాయలా!"

"ఆ రొట్టె ఎక్కడ కొన్నావు?"

"కొనలేదండీ. కింది వీధిలో డోమితిల్లాగారట, పిలిచి మరీ పెట్టారు. ఎంత మంచావిడో!"

అయిపోయింది. ఎంగిలిచేత్తో కాకిని తోలని డోమితిల్లా ఊరూపేరూ తెలియని పిల్లకు ఊరికే రొట్టె పెడుతుందా? క్వింతీలియా గబగబా లోపలికి దిగి చిన్న కిటికీ మూసేసింది. సందుల్లో గోనెసంచి కుక్కింది. బయటికొచ్చి వీధివైపు తలుపుకు తాళం బిగించి, దాని ముందే కుర్చీ వేసుకుని కూర్చుంది.

మధ్యాహ్నానికి ఎండ రాళ్ళను కాల్చేస్తోంది. పిల్లల గుంపు ఆ దారినే ఎక్కింది, ఆ దారినే దిగింది. ఒకడు బూటు తాడు కట్టుకోవడానికి వంగితే తాళం కన్నంలోకి చూడటానికే వంగాడనుకుంది. ఇంకొకడు పాత గుమ్మం ఫోటో తీయబోతే చీపురు అడ్డం పెట్టింది.

"తియ్యి నాయనా, నా చీపురు ఫోటో తీసుకెళ్ళి మీ డోమితిల్లాకు చూపించు!"

"ఆవిడెవరండీ?" అని వాడు బిక్కమొహం వేశాడు.

"ఆహా! తెలీదు పాపం!"

సాయంత్రం బస్సెక్కబోతూ ఇలారియా మళ్ళీ వచ్చింది. ముక్కు చిట్లించి, "బామ్మగారూ, పొద్దుటి వాసన కాదండీ ఇది. ఏదో పులిసిపోతోంది. ఒకసారి తలుపు తీసి చూసుకోండి" అంది.

"తీస్తాను, తీస్తాను. నువ్వు తొంగిచూద్దువుగాని! నిన్ను పంపినావిడను అడిగానని చెప్పు. పో!"

పిల్ల మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, గెలిచానన్న సంబరంతో క్వింతీలియా తాళం తీసింది. వేడి ఆవిరి మొహాన కొట్టింది. దుప్పట్ల మీద రేకులు నల్లబడి ముద్దకట్టి ఉన్నాయి. చెయ్యి పెడితే వెచ్చగా, జిగటగా తగిలాయి.

ఆల్వీరో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "కిటికీ ఎవరు మూశారత్తా?"

"ఆ కాలేజీ పిల్ల" అనబోయింది క్వింతీలియా. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఊరు దాటిపోయినవాళ్ళ మీదికి తోసెయ్యడం ఎంత తేలిక! కానీ తీసి చూసుకోమని చెప్పింది ఆ ఒక్క పిల్లే కదా. "నేనేరా" అంది. "చేజేతులా నేనే."

ఆల్వీరో గోడకు ఆనుకుని నేలమీద కూలబడ్డాడు.

క్వింతీలియా కాళ్ళీడ్చుకుంటూ కింది వీధికి నడిచి డోమితిల్లా తలుపు తట్టింది. తలుపు జానెడు తెరుచుకుంది.

"ఏమే, దారి తప్పావా?"

"మా పసుపు రేకులన్నీ కుళ్ళిపోయాయి డోమితిల్లా. మీకు మిగిలితే రెండు బుట్టలు ఇప్పించు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

డోమితిల్లా ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. తరవాత వెనక ఎవరైనా నక్కి ఉన్నారేమోనని భుజం మీదుగా వీధిలోకి చూసింది. "పూలు కుళ్ళాయా? నీ కాపలాలోనా? ఎవరికి చెబుతున్నావే ఈ కథలు? బుట్ట వంకతో లోపలికొచ్చి మా బొమ్మ చూసిపోదామనేగా!"

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

క్వింతీలియా మళ్ళీ తట్టబోయి చెయ్యి దించేసుకుంది. ఏమని తిడుతుంది? ఆవిడ స్థానంలో తానున్నా అదే అనేది, ఒక్క ముక్క పొల్లుపోకుండా. ఆ గడప మీదే కూర్చుని, దారిన పోయేవాళ్ళు చూస్తున్నారన్న ధ్యాసైనా లేకుండా వెక్కివెక్కి ఏడ్చింది.