ఉండుండి ఆగే పాట

పూర్తిగా చెడిపోయిన సామాను తెచ్చేవాళ్ళంటే నాకు ఇష్టం. ఎక్కడో ఏదో కాలి ఉంటుంది, వెతికి మార్చేస్తే సరి. నా ప్రాణం తీసేవాళ్ళు వేరే ఉన్నారు. "ఇంటి దగ్గర ఆగిపోతోందండీ" అంటూ తెస్తారు. నా బల్ల మీద అది బుద్ధిగా పాడుతుంది. ఏమీ లేదు, తీసుకుపొండి అంటే నన్ను దొంగను చూసినట్టు చూస్తారు.

అరకులో నా రిపేరు కొట్టు రైలు కట్ట పక్కనే ఉండేది. ఇళ్ళలోకి సీడీలు వచ్చిన రోజులవి. ఒక రిసార్టు వాళ్ళు జీపులోంచి జ్యూక్‌బాక్స్ ఒకటి దింపారు. బీరువాలో సగం ఎత్తుంది. లోపల సీడీలు వరసగా నిలబెట్టి ఉంటాయి, నంబరు నొక్కితే ఆ పాట వస్తుంది. సరిగ్గా టూరిస్టులు నిండుగా ఉన్నప్పుడే పాట మధ్యలో ఆగిపోయి పరువు తీస్తోందట. నేను మూత తీసి, లెన్సు తుడిచి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాడించాను. ఆగితే ఒట్టు. తిరిగి పంపితే మర్నాడే మళ్ళీ వచ్చింది. మేనేజరు ఫోనులో అన్న మాటలు ఇక్కడ రాయలేను.

మా ఆవిడది సాలూరు. వంటగది కొట్టు వెనకే కాబట్టి, చిక్కుడుకాయలు వలుచుకుంటూ వచ్చి ఆ పెట్టె ఎదురుగా కూర్చునేది. ఒక రోజు కేక వేసింది.

"ఏవండీ, గూడ్సు బండెళ్ళినప్పుడు లైటు ఆరిపోతంది, సూసినారా?"

ఇనుప రాయి మోసుకెళ్ళే గూడ్సు వస్తే మా కప్పు రేకులు కూడా అదురుతాయి. ఆ చప్పుడులో పాట ఎలాగూ వినపడదు, బండి పోగానే మళ్ళీ అందుకునేది కాబట్టి ఆగిందని నాకు తెలియలేదు. ఆమె పాట వినడం లేదు, నంబర్ల దగ్గర వెలిగే లైటు చూస్తోంది. అప్పుడు స్క్రూడ్రైవరు పిడితో బోర్డు మీద అక్కడా ఇక్కడా తట్టాను. ఒక చోట తట్టగానే పాట ఆగింది. భూతద్దం పెట్టి చూస్తే టంకం వెంట్రుకవాసి పగిలి ఉంది. రిసార్టులో జనం ధింసా ఆడేవాళ్ళతో కలిసి చెక్క నేల మీద గెంతినప్పుడల్లా ఆ పగులు విడిపోయేదన్నమాట. "దొరికింది!" అని నేను అరిస్తే ఆమె నాకంటే ఎక్కువ సంబరపడింది. మా పనిలో జబ్బు కళ్ళ ముందు కనబడితే చాలు, బాగైనట్టే.

ఆమెకీ అలాంటి జబ్బే ఉండేది. ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకునేది. మొహం పాలిపోయి, గోడ పట్టుకుని కూలబడేది. కాసేపటికి లేచి మళ్ళీ పనిలో పడేది. ఘాటు దిగి విశాఖపట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడికి చేరేసరికి గుండె మామూలుగా కొట్టుకుంటూ ఉండేది. ఒంటికి తీగలు పెట్టి కాగితం తీసేవారు. గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయనేవారు. "ఏమీ లేదమ్మా, భయం, అంతే" అనేవాడు డాక్టరు. నేను రోజూ కొట్టులో అనే మాటే. అవతలి పక్క నిలబడి వింటే ఒళ్ళు మండిపోయింది.

తిరుగు బస్సులో ఆమె కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నాకేటీ నేదంట. నాను నాటకాలాడతన్నాననుకుంటన్నారు."

జబ్బు కంటే ఆ అనుమానమే ఆమెను తినేసింది. పని తప్పించుకోవడానికే ఇదంతా అని మా చుట్టాలు కూడా గుసగుసలాడారు. నేను మాత్రం నమ్మాను. ఉండుండి వచ్చే జబ్బు ఎంత దొంగదో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఒక్కసారి ఆ దడ డాక్టరు ఎదురుగా రావాలని దేవుడికి దండం పెట్టుకున్నాను. అంతకంటే నేను కోరుకున్నది లేదు.

మళ్ళీ వెళ్ళాం. నేను చీటీ రాయించే వరసలో ఉన్నాను. తిరిగి చూద్దును కదా, ఆమె మేడ మెట్లు గబగబా ఎక్కుతోంది, దిగుతోంది, మళ్ళీ ఎక్కుతోంది. పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఏటి సేత్తన్నావు?"

"ఆ పెట్టిని మీరు తట్టినారు కదా. దీన్నీ ఓసారి కుదిపితే గాని అగుపడదు. ఒగ్గీయండి" అంది, ఆయాసపడుతూ నవ్వుతూ.

బల్ల మీద పడుకోబెట్టి తీగలు పెట్టేలోపే మొదలైంది. కాగితం మీద గీతలు పిచ్చిపట్టినట్టు పరుగెత్తాయి. డాక్టరు కుర్చీలోంచి లేచి నర్సును కేకేశాడు. నాకు ఎక్కడలేని సంతోషం వేసింది. ఇక మందిస్తారు, ఇక ఇంటికి పోవచ్చు అనుకున్నాను.

ఆమె తల నా వైపు తిప్పింది. "అగుపడిందేటి?"

"అగుపడినాది."

"మరి నమ్మినారా?"

"నమ్మానమ్మా" అన్నాడు డాక్టరు, ఆమె మణికట్టు పట్టుకునే. ఆ మాట ఆమె విన్నదో లేదో నాకు తెలియదు. ఆ బల్ల మీద నుంచి ఆమె లేవలేదు.