చిటికెన వేలి సందు

నా చిన్నప్పుడు, తొంభైల్లో, మా మేనత్త లాల్‌గడి మలక్‌పేట్‌లోని మా జామతోటలో తేనెటీగలు పెంచడం మొదలుపెట్టింది. పాత గోడ సందులోని ఈగలను తేనెపట్టుతో సహా తీసి, ఆ పట్టును చెక్క చట్రాలకు అరటినారతో కట్టి పెట్టెలో వేలాడదీసింది. ఆ చట్రాలను మా బాపు మా ఇంటి తలుపులు చేసిన మేడ్చల్ వడ్లాయనతో చేయించాడు. తలుపుల్లాగే వాటినీ పెట్టెలో గాలి చొరకుండా బిగించి చేశాడాయన. పనితనాన్ని అందరూ మెచ్చుకున్నారు. తీరా అత్త ఒక చట్రాన్ని పైకి తీయబోతే అది పెట్టె గోడకు ఒరుసుకుని పట్టు చిరిగింది, ఈగలు నలిగాయి. మర్నాటికి మిగిలినవన్నీ లేచిపోయి పక్కతోటలో మామిడికొమ్మకు గుంపుగా వేలాడుతున్నాయి.

"ఇంకొక్కసారి జూడు చెల్లె," అన్నాడు బాపు. "గీసారి గూడ పోతే పెట్టె కోళ్లకిచ్చేద్దాం."

కొమ్మ మీది గుంపు ఎప్పుడు ఎగిరిపోతుందో తెలియదు. అత్త ఖాళీ పెట్టెను, చట్రాలను, నన్ను మోపెడ్ మీద ఎక్కించుకుని మేడ్చల్ వెళ్లింది. వడ్లాయన చట్రాల పక్కలకు జల్దీ జల్దీగా చిత్రిక పట్టాడు. తొందరలో ఒక్కోటి ఒక్కో తీరున వచ్చింది.

అత్త ఒక్కో చట్రాన్ని పెట్టెలో దింపి నా చేయి పట్టుకుంది. "నా వేలు లావు బిడ్డా. చట్రానికి, పెట్టె గోడకు నడుమ సందుల నీ చిటికెన వేలు పెట్టి జూడు. దూరకపోతే ఈగ నలుగుతది. మస్తు వదులుంటే అండ్ల గూడ పట్టు కడ్తది, మల్ల చట్రం ఊడిరాదు."

నేను నింపాదిగా ఒక్కోటి చూస్తుంటే వడ్లాయన నవ్వాడు. "ఏంది పోరీ, పెండ్లి సంబంధం జూస్తున్నవా?"

"ఇల్లు జూస్తాంది తాతా," అంది అత్త. "ఉండేటోళ్లకు నచ్చాలె గద."

కొన్ని చట్రాలు వద్దన్నాను. అత్త ఎందుకని అడగలేదు, వాటిని పక్కన పెట్టేసింది. ఇంట్లో నా మాట అలా చెల్లడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రమే గుంపును బుట్టలోకి దులిపి పెట్టెలోకి ఎక్కించాం. జామపూత ముగిసే రోజుల్లో బాపు తనంతట తానే మూత తీసి ఒక చట్రం పట్టుకున్నాడు. అది ఎక్కడా ఒరుసుకోకుండా పైకి వచ్చింది. నిండా తెల్లటి కొత్త పట్టు, దాని మీద పనిలో మునిగిన ఈగలు. ఆయన చాలాసేపు చూసి, దాన్ని మెల్లగా దించాడు.

"కోళ్లకు ఇంకో గూడు జూడుర్రి," అన్నాడు.

అత్త నా చిటికెన వేలిని ముద్దు పెట్టుకుంది.

ఇప్పుడు నాకూ తేనెపెట్టెలున్నాయి. ఏది చేయించినా, అందులో మసలేవాళ్లకు చోటు సరిపోతుందా అని ముందు చూసుకుంటాను. నా వేలు ఎప్పుడో లావైపోయింది. కొత్త చట్రాలు వచ్చినప్పుడు మా అమ్మాయిని పిలుస్తాను. అది వద్దన్న చట్రాన్ని, ఎందుకని అడగకుండా, పక్కన పెట్టేస్తాను.